మామ్మ చెవిన పడ్డ వియన్నా

వియన్నా నడిబొడ్డున, జైలర్‌ష్టెట్ వీధిలో 30వ నంబరు భవనం. లోపల అడుగుపెడితే మెట్లు. మెట్టు మీద కాలు పడగానే ఒక స్వరం పలుకుతుంది, తరవాతి మెట్టుకి ఇంకో స్వరం. పిల్లలు ఎక్కుతారు, దిగుతారు, మళ్ళీ ఎక్కుతారు. పెద్దవాళ్ళు మొదట హుందాగా నవ్వి, అటూ ఇటూ చూసి, తమనెవరూ గమనించట్లేదని నమ్మకం కుదిరాక రెండు మెట్లు వెనక్కి దిగి మళ్ళీ ఎక్కుతారు. మా అత్తగారు మాత్రం మెట్టు మెట్టుకీ ఆగారు. "ఇది షడ్జం అనుకుంటే పైది చతుశ్రుతి రిషభం. సరిపోయింది" అని తనలో తాను లెక్క చూసుకుంటూ, వెనకొచ్చేవాళ్ళను ఆపేస్తూ ఎక్కారు.

విజయనగరంలో ఏళ్ళ తరబడి పిల్లలకు వయొలిన్ నేర్పిన మనిషి ఆవిడ. డెబ్బై దాటాయి. వియన్నాలో ఉద్యోగం చేస్తున్న మా మరిది, "అమ్మా, ఇక్కడ రాజమహళ్ళు చాలా ఉన్నాయి, ఏది చూస్తావ్?" అంటే, "మహళ్ళు మన ఊళ్ళోనూ ఉన్నాయిరా, వాద్యాలెక్కడున్నాయో చెప్పు" అన్నారు. ఆ మాటతో ఆవిడ, మా ఆయన, తొమ్మిదో క్లాసు అమ్మాయి, మూడో క్లాసు వాడు, నేను, అందరం కట్టకట్టుకుని ఇక్కడికొచ్చి పడ్డాం.

దీని పేరు హౌస్ డేర్ మ్యూజీక్. ధ్వనికీ సంగీతానికీ కట్టిన మ్యూజియం, 2000 సంవత్సరం జూన్‌లో తెరిచారు. భవనం అంతకంటే చాలా పాతది. ఒకప్పుడు ఆర్చ్‌డ్యూక్ కార్ల్ అనే రాజకుటుంబీకుడి నివాసం. 1842లో వియన్నా ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందాన్ని మొదలుపెట్టిన ఓటో నికొలాయ్ కూడా ఇందులోనే కాపురముండేవాడు. అందుకే మొదటి అంతస్తు ఆ బృందానికి. వాళ్ళ చరిత్ర, పాత ఉత్తరాలు, బొమ్మలు. ఏటా జనవరి ఒకటిన ప్రపంచమంతా టీవీల్లో చూసే కొత్త సంవత్సరపు కచేరీ వీళ్ళదే. మా అమ్మాయి పాత ఫొటోల ముందు నిలబడి, "ఆడవాళ్ళు ఒక్కరూ లేరేంటమ్మా?" అంది. ఉండనివ్వలేదు, అదీ సంగతి. ఆ బృందం 1997 దాకా ఏ స్త్రీనీ పూర్తిస్థాయి సభ్యురాలిగా తీసుకోలేదు. అది విన్నాక ఆ గదిలో దానికి ఇంకేమీ నచ్చలేదు. నేనూ ఉండమని బలవంతపెట్టలేదు.

మా చిన్నాడి మనసు మాత్రం అక్కడి పాచికలాటలో ఇరుక్కుపోయింది. పాచికలు వేస్తే వాల్ట్జ్ తయారవుతుంది. పద్దెనిమిదో శతాబ్దపు యూరప్‌లో ఇలాంటి ఆటలకు మహా మోజు. వాటిల్లో బాగా ప్రసిద్ధమైనది మొజార్ట్ పోయాక ఆయన పేరుతో అచ్చయింది. నిజంగా ఆయన రాసిందేనా అంటే రుజువు లేదు. పద్ధతి మాత్రం చాలా తెలివైనది. వాల్ట్జ్‌కి 16 ఆవర్తాలు. రెండు పాచికలు వేస్తే 2 నుంచి 12 దాకా, అంటే 11 రకాల పందేలు పడొచ్చు. ఒక్కో ఆవర్తానికి 11 ముక్కలు ముందే రాసి ఉంటాయి, పడిన పందెం ఏ ముక్క తీసుకోవాలో చెబుతుంది. ఏ ముక్క పక్కన ఏ ముక్క పడ్డా అతికేలా రాయడంలోనే ఉంది పనితనమంతా. ఇలా పుట్టగల వాల్ట్జ్‌ల సంఖ్య కాగితం మీద దాదాపు 46 వేల లక్షల కోట్లు.

"అబ్బో!" అన్నాడు వాడు.

"అబ్బో ఏముందిరా, మన వెంకటమఖి పదిహేడో శతాబ్దంలోనే వేశాడు ఇలాంటి లెక్క" అని మామ్మ వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నారు. రిషభ గాంధారాల జంటలు ఆరు, ధైవత నిషాదాల జంటలు ఆరు. ఆరార్లు ముప్పయ్యారు. మధ్యమాలు రెండు, శుద్ధమూ ప్రతీను. ముప్పయ్యారు రెళ్ళు డెబ్బై రెండు మేళకర్తలు. వాడు వేళ్ళమీద సరిచూసుకుని, "అయితే మొజార్ట్‌వే ఎక్కువ" అని తేల్చేశాడు. మామ్మ ఒక్కో మేళానికి ఎన్ని జన్యరాగాలో చెప్పబోయేలోగా వాడు మళ్ళీ పాచికల దగ్గరున్నాడు.

రెండో అంతస్తులో సంగీతం కాసేపు పక్కకు తప్పుకుంటుంది. అక్కడ సరుకంతా ధ్వనే. గర్భంలో ఉన్న శిశువుకి లోకం ఎలా వినిపిస్తుందో వినిపించే చోటు ఒకటుంది. తల్లి గుండె చప్పుడు, రక్తప్రవాహపు హోరు, వాటి వెనక ఎక్కడో బయటి మాటల మసక. కడుపులో ఉన్న బిడ్డ గర్భం మధ్యకాలం నుంచే శబ్దాలకు స్పందించడం మొదలుపెడుతుంది. లీలావతి కడుపులో ఉండి నారదుడి ఉపదేశం విన్న ప్రహ్లాదుడి కథ మనకు కొత్తేమీ కాదు. ఈ మసకలో మాటలు అంత విడివిడిగా అందుతాయా అని మా ఆయన సందేహం వెలిబుచ్చాడు. "నారదుడు కదరా, గొంతు ఖంగుమని ఉంటుంది" అని వాళ్ళమ్మ కొట్టిపారేశారు.

అదే అంతస్తులో మనిషి వినికిడికి హద్దులు ఎక్కడున్నాయో పరీక్షించుకునే తెరలున్నాయి. పుస్తకాల్లో మనిషి చెవి 20 నుంచి 20 వేల హెర్ట్జ్ దాకా వింటుందని ఉంటుంది. ఆ పై హద్దు చిన్నపిల్లలది. స్వరం సన్నగా, ఇంకా సన్నగా పైకి పోతుంటే ముందు అత్తగారు తల అడ్డంగా ఊపారు. ఇంకొంత దూరం పోయాక మా ఆయనా నేనూ తప్పుకున్నాం. నలభై దాటినవాళ్ళలో చాలామందికి 15 వేల పైన ఏమీ అందదట. మా చిన్నాడు మాత్రం చెవులు మూసుకుని, "ఆపండి, గుచ్చుకుంటోంది" అని గోల. మాకు అక్కడ ఉన్నది నిశ్శబ్దం. ఒకే చోట నిలబడిన ఒకే కుటుంబంలో మూడు తరాలు మూడు రకాల గదుల్లో ఉన్నట్టే.

చెవిలో కారణం ఇదీ. లోపల నత్తగుల్ల ఆకారంలో ఒక గొట్టం ఉంటుంది, దాన్నిండా సన్నటి రోమకణాలు. గొట్టం మొదట్లో ఉన్నవి హెచ్చు స్వరాలను, చివర ఉన్నవి మంద్ర స్వరాలను పట్టుకుంటాయి. వయసుతోపాటు ముందు పాడయ్యేవి మొదట్లోవే. మనుషుల్లో అవి ఒకసారి పోతే మళ్ళీ మొలవవు. ఇందులో మనం ఇళ్ళల్లో రోజూ చూసేది ఒకటుంది. మాటలో అచ్చుల బలమంతా కింది స్వరాల్లో ఉంటుంది. స, శ, త, క లాంటి హల్లుల పదును పై స్వరాల్లో ఉంటుంది. అందుకని పెద్దవాళ్ళకు అచ్చులు అందుతాయి, హల్లులు జారిపోతాయి. "వినబడుతోంది గానీ ఏమంటున్నావో తెలియట్లేదు" అన్నది చాదస్తం కాదు, అక్షరాలా నిజం. మనం గట్టిగా అరిస్తే అచ్చులే ఇంకా హోరెత్తుతాయి తప్ప పోయిన హల్లులు తిరిగి రావు. ఎదురుగా కూర్చుని, ముఖం కనబడేలా, నిదానంగా మాట్లాడితే కొంత నయం.

మూడో అంతస్తు మహానుభావులది. హైడెన్, మొజార్ట్, బీథోవెన్, షూబర్ట్, స్ట్రాస్, మాలర్, ఆ తరవాత షోన్‌బర్గ్ బృందం. మొజార్ట్ గదిలో మన పేరు కొడితే దాన్ని ఆయన బాణీలో స్వరాలుగా మార్చి వాయించే యంత్రం ఉంది. జర్మనీవాళ్ళు రెండు ముక్కల్లో తేల్చుకుంటారు. మా ఆయన ఇంటిపేరు, తాతగారి పేరు కలిపి మొత్తం కొట్టేసరికి వెనక వరస పెరిగింది. షూబర్ట్, స్ట్రాస్ గదులు నేను చూశానంటే చూశాను, అంతే. ఎందుకంటే బీథోవెన్ దగ్గరే మాకు చాలాసేపు పట్టింది.

1770లో బాన్ నగరంలో పుట్టిన బీథోవెన్ 1792లో వియన్నా వచ్చాడు. ఊళ్ళో అద్దె ఇళ్ళు మారుతూనే బతికాడు. ముప్ఫై ఏళ్ళు నిండకముందే చెవుల్లో హోరు మొదలైంది. వాద్యాల్లో, గొంతుల్లో హెచ్చు స్వరాలు దూరం నుంచి తనకు వినిపించడం లేదని 1801లో ఒక స్నేహితుడికి రాశాడు. అంటే ముందు పోయినవి అవే, కింది అంతస్తులో మేం పోగొట్టుకున్నవే. మరుసటేడు హైలిగెన్‌ష్టాట్ అనే పల్లెలో ఉండి తమ్ముళ్ళకు ఒక ఉత్తరం రాసి పంపకుండా దాచుకున్నాడు. అది ఆయన పోయాకే బయటపడింది. చెవిటితనం చెప్పుకోలేక మనుషులకు దూరంగా తిరుగుతున్న సంగతి, చచ్చిపోదామనుకుని సంగీతం కోసం ఆగిన సంగతి అందులో ఉన్నాయి. 1818 నుంచి ఆయనతో మాట్లాడాలంటే ఎదుటివాళ్ళు నోటుపుస్తకంలో రాసి చూపించాల్సి వచ్చేది. 1824 మే 7న తొమ్మిదో సింఫనీ మొదటిసారి వాయించినప్పుడు ఆయన వేదికమీదే ఉన్నాడు. వెనక జనం చప్పట్లు కొడుతున్నట్టు తెలియక వాద్యబృందం వైపే తిరిగి ఉంటే, కరొలీన ఉంగర్ అనే గాయని ఆయన్ని పట్టి జనం వైపు తిప్పిందని చెబుతారు. ఆ నాటకశాల ఇప్పుడు లేదు. దాని స్థలంలో హోటల్ జాహర్ ఉంది. మ్యూజియం నుంచి నడిచే దూరమే.

ఈ కథ పుస్తకాల్లో చదివినవాళ్ళు చాలామందే ఉంటారు. మ్యూజియం చేసిన పని వేరు. ఏళ్ళు గడిచేకొద్దీ సంగీతం ఆయన చెవికి ఎలా చేరి ఉంటుందో వినిపిస్తుంది. ముందు తళుకు పోతుంది. తరవాత వయొలిన్లు ఉన్నాయో లేవో తెలియదు. చివరికి గోడవతల ఎవరో బల్ల మీద తడుతున్న చప్పుడు. అత్తగారు మొదటి దశలు విని ఏమీ అనలేదు. తరవాతి దశ దగ్గర మా అమ్మాయి చెవికి ఆనించి, "ఇదిగో, నాకు నీ మాట ఇలా ఉంటుందే" అన్నారు. మా అమ్మాయి అది మళ్ళీ ఒకసారి విన్నది. ఆ రోజు తరవాత అది మామ్మతో గది అవతల నుంచి మాట్లాడటం నేను చూడలేదు.

అక్కడ నిలబడి ఇంకో మాట గుర్తు చేసుకోకుండా ఉండలేం. బీథోవెన్ కంటే మూడేళ్ళు పెద్ద త్యాగరాజు. 1767లో పుట్టి 1847లో వెళ్ళిపోయారు. ఇక్కడ డాన్యూబ్ ఒడ్డున ఈయన సింఫనీలు రాస్తున్న సంవత్సరాల్లోనే అక్కడ కావేరి ఒడ్డున, తిరువయ్యారులో, తెలుగు కృతులు పుడుతున్నాయి. ఒకరి పేరు ఒకరు విని ఉండే వీలే లేదు. కానీ వయొలిన్ మాత్రం వాళ్ళ కాలంలోనే ఇవతలికి దాటింది. ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ దాన్ని నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. ఆ దారి విజయనగరం దాకా వచ్చింది. 1919లో మొదలైన అక్కడి సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడుగారు అధ్యాపకులయ్యారు, తరవాత ప్రిన్సిపల్ కూడా. ఆయనకు చూపు సరిగా ఆనేది కాదు. "ఈయనకు చెవి, మా నాయుడుగారికి కన్ను" అని అత్తగారు బీథోవెన్ బొమ్మకేసి చూసి ముందుకు కదిలారు.

మ్యూజియం మొత్తంలో జనమంతా ఎగబడేది ఒకే చోట. పెద్ద తెరమీద వియన్నా ఫిల్‌హార్మోనిక్ కూర్చుని ఉంటుంది. చేతికి ఎలక్ట్రానిక్ బెత్తం ఇస్తారు. మీరు చెయ్యి వేగంగా ఆడిస్తే వాళ్ళు వేగంగా వాయిస్తారు, నెమ్మదిస్తే నెమ్మదిస్తారు. ఇందులో ఇంజనీరింగ్ చిన్నది కాదు. బ్యాటరీ అయిపోవచ్చిన టేప్‌రికార్డర్‌లో పాట ఈడ్చుకుంటూ శ్రుతి దిగజారిపోవడం మనవాళ్ళందరికీ తెలుసు. ఇక్కడ వేగం మారినా శ్రుతి మారకూడదు, బొమ్మలో చేతులు కూడా దానికి తగ్గట్టు కదలాలి. లయ మరీ తప్పితే వాద్యం ఆపేసి, ఒకరు లేచి మిమ్మల్ని చీవాట్లు పెడతారు. బొంబాయిలో పుట్టి, వియన్నాలో చదువుకుని, ఆ కొత్త సంవత్సరపు కచేరీని ఐదుసార్లు నడిపించిన జుబిన్ మెహతా నిలబడిన చోటు అది అనుకుంటే చీవాట్లు కూడా గౌరవంగానే ఉంటాయి. మా ఆయనకు ఆ గౌరవం త్వరగానే దక్కింది.

అత్తగారు రాడెట్జ్కీ మార్చ్ ఎంచుకున్నారు. ఎడమచేత్తో తొడమీద ఆది తాళం, కుడిచేతిలో బెత్తం. రెండు కళల్లో మొదలుపెట్టేసరికి వియన్నా ఫిల్‌హార్మోనిక్ అంతా పెళ్ళి ఊరేగింపులో అలిసిపోయిన మేళంలా నడిచింది. ఒక్క కళకు వచ్చాక దారిన పడ్డారు. చివరిదాకా లాగారు, ఎవరూ లేచి తిట్టలేదు. వెనకున్న జర్మన్ కుటుంబం చప్పట్లు కొడితే, అవి ఆవిడకు బాగానే వినబడ్డాయి.

నిజం చెప్పాలంటే ఈ బెత్తం ఆట సరదాయే గానీ, ఎంత గొప్పగా చెప్పుకున్నా అదొక వీడియో గేమ్. దానికోసం వరసలో నిలబడే సమయం రెండు, మూడు అంతస్తుల్లోని మిగతా గదుల్లో గడిపితే లాభం ఎక్కువ. చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు కింది నుంచి పైకి కాకుండా, ముందు రెండో అంతస్తుకు వెళ్ళండి. ఓపిక ఉన్నప్పుడే చెవి పని చేస్తుంది.

వియన్నా దాకా ఎందుకు అంటే, బెంగళూరు జేపీ నగర్‌లో 2019 నుంచి ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియన్స్ అనే సంగీత మ్యూజియం ఉంది. అక్కడ బిస్మిల్లాఖాన్ షెహనాయి చూడొచ్చు. ఆరుబయట తోటలో వాద్యాలు పెట్టి పిల్లల్ని మోగించనిస్తారు. మన దగ్గర లోటు వస్తువులది కాదు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనసదుంగలోంచి వీణ చెక్కేవాళ్ళు ఉన్నారు, విజయనగరంలో నూరేళ్ళు దాటిన కళాశాల ఉంది. ఈ రెంటి మధ్యా ఒక బడిపిల్లాడు తీగ మీటి, దుంగ మీద చెయ్యి ఆనించి, కంపనం ఎక్కడిదాకా పాకుతోందో చూసే గది ఒక్కటి కట్టడానికి ఎంత ఖర్చవుతుంది? మన మ్యూజియాల్లో వీణ కనిపిస్తే దాని ముందు అద్దం ఉంటుంది, అద్దం మీద "ముట్టుకోరాదు" అని ఉంటుంది.

వచ్చే సెలవుల్లో బెంగళూరు ప్రయాణం ఖాయమైంది. అత్తగారు ఒక్కటే షరతు పెట్టారు. శని ఆదివారాలు వద్దు, మామూలు రోజు పొద్దున్నే వెళ్ళాలి. జనం ఎక్కువైతే అందరి మాటలూ ఆవిడకు కలిసిపోతాయట. బడి మానిపించాలా అని మా ఆయన నసిగితే, మా అమ్మాయే వెళ్ళి మామ్మకు ఎదురుగా కూర్చుని, ఏ వారం వీలవుతుందో ఒక్కో మాటే విడదీసి అడిగింది.