టమాటా మొక్క సడన్‌గా వాడిపోయిందా? నీళ్లు పోసే ముందు ఈ గ్లాసు టెస్ట్ చేయండి

ఈ రోజు ఎపిసోడ్‌లో టమాటాకి మట్టి నుంచి వచ్చే తెగుళ్ల గురించి మాట్లాడుకుందాం. ముందు నేను చేసిన తప్పు చెప్తాను.

పోయిన వానాకాలం మా మిద్దె మీద 14 గ్రో బ్యాగుల్లో టమాటా పెట్టాను. పూత బాగా వచ్చింది, పిందెలు కూడా పడ్డాయి. ఒక రోజు మధ్యాహ్నం చూస్తే ఒక మొక్క తల వాల్చేసింది. ఆకులు పచ్చగానే ఉన్నాయి, కానీ వేలాడుతున్నాయి. ఎండకేమో అనుకుని చెంబుడు నీళ్లు పోశాను. రాత్రికి కాస్త లేచింది, మర్నాడు మళ్లీ వాలింది. నాలుగో రోజుకి చచ్చిపోయింది. అక్కడితో ఆగినా బాగుండేది! మట్టి వేస్ట్ ఎందుకని ఆ బ్యాగులో మట్టి తీసి మిగతా బ్యాగులన్నిటికీ తలా కొంచెం వేశాను. మూడు వారాల్లో ఇంకో 10 మొక్కలు పోయాయి. పచ్చడి పెడదామని అమ్మ లెక్కపెట్టుకున్న కాయలు అవి. ఇప్పటికీ దెప్పుతుంది.

అది బ్యాక్టీరియా ఎండు తెగులు. రాల్‌స్టోనియా అనే బ్యాక్టీరియా వేర్లకున్న చిన్న గాయాల్లోంచి లోపలికి దూరి, నీళ్లు పైకి మోసే నాళాల్లో పెరిగి వాటిని మూసేస్తుంది. మట్టి తడిగానే ఉంటుంది, కానీ ఆకుకి నీళ్లు అందవు. పైగా వేడి, తడి రెండూ దానికి ఇష్టం. అంటే నేను రోజూ చెంబుతో నీళ్లు పోసి పెంచింది దాన్నే.

ఇప్పుడు టెస్ట్ చూడండి. వాడిన మొక్క మొదలు దగ్గర రెండు మూడు అంగుళాల కాండం ముక్క కోయండి. గాజు గ్లాసులో శుభ్రమైన నీళ్లు తీసుకుని, ముక్క కింది కొస మాత్రం మునిగేలా కదపకుండా పట్టుకోండి. కొద్ది నిమిషాల్లో పాలలాంటి తెల్లటి దారాలు కిందికి జారితే బ్యాక్టీరియానే. దీనికి మందు లేదండి. షాపులో నాకు ఏదో పౌడర్ అంటగట్టారు, డబ్బులు దండగ. మొక్కని వేర్లతో సహా తీసి కవర్లో కట్టి పారేయండి, కంపోస్ట్‌లో మాత్రం వేయకండి. కత్తెరని ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్లలో ముంచి కడగండి. ఆ బ్యాగు నుంచి కారే నీళ్లు పక్క బ్యాగుల కిందికి పోకుండా చూడండి.

దారాలు రాలేదా? అప్పుడు కాండాన్ని నిలువుగా చీల్చండి. లోపల గోధుమ రంగు గీతలుండి, కింది ఆకులు ముందుగా, చాలాసార్లు ఒక పక్కే పసుపైతే అది ఫ్యుజేరియం అనే శిలీంధ్రం. మొదట్లో తెల్లటి బూజు, ఆవగింజల్లాంటి గుళ్లు కనిపిస్తే మొదలుకుళ్లు. వేర్ల మీద బుడిపెలుంటే నులిపురుగులు.

శిలీంధ్రాలకి ట్రైకోడెర్మా విరిడి పనికొస్తుంది, కానీ రోగం ముదిరాక కాదు, నాటకముందే. మాగిన పశువుల ఎరువులో కొంచెం వేపపిండి, ట్రైకోడెర్మా కలిపి, తడి గోనెసంచి కప్పి నీడలో వారం పది రోజులు ఉంచి, తర్వాత మట్టిలో కలపాలి. నేను దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను, ఖర్చు తక్కువ.

పాత మట్టిని ఏప్రిల్, మే ఎండల్లో పల్చగా పరిచి, తడిపి, పారదర్శకమైన పాలిథిన్ షీట్ గాలి చొరకుండా కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. నల్ల షీట్ కన్నా ఇదే బాగా వేడెక్కుతుంది. శిలీంధ్రాలు, నులిపురుగులు బాగా తగ్గుతాయి. బ్యాక్టీరియా మాత్రం పూర్తిగా పోతుందని నమ్మకండి, అది మట్టిలో ఏళ్ల తరబడి ఉండగలదు. అందుకే ఆ మట్టిలో టమాటాయే కాదు, దాని చుట్టాలైన వంగ, మిరప, బంగాళాదుంప కూడా వద్దు.

విత్తనం కొనేటప్పుడు బెంగళూరు ఐఐహెచ్ఆర్ వాళ్ల అర్క రక్షక్ అడగండి. ఆకుముడత, బ్యాక్టీరియా ఎండు తెగులు, ముందుమాడు తెగులు, ఈ మూడింటినీ తట్టుకునే హైబ్రిడ్ అది. తట్టుకోవడం అంటే అసలు రాదని కాదు.

ఈసారి నేను కొత్త మట్టితో ఆరు బ్యాగులే పెట్టాను, ఒక్కోటి ఇటుకల మీద, దూరం దూరంగా. ఆ పాత మట్టిలో మొక్కజొన్న వేశాను. కండెలు ఎలా వస్తాయో వచ్చాక చూపిస్తాను.