గ్రీన్ కార్డు వరుసలో పుట్టిన చోటు

“అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, గ్రీన్ కార్డుకు దరఖాస్తు కూడా పెట్టారు” అనే మాట సంబంధాలు చూసే వేళ మన ఇళ్లలో తరచుగా వినబడుతున్నది. అది విని అమ్మాయి తండ్రి సంతోషిస్తాడు. కార్డు చేతికి రావడానికి ఎన్నేళ్లు పట్టునని అడిగేవారు మాత్రం అరుదు.

అమెరికా 1990లో చేసిన వలస చట్టం ఉద్యోగం ఆధారంగా శాశ్వత నివాసమిచ్చే వీసాలను ఏడాదికి సుమారు 1,40,000గా నిర్ణయించింది. ఉద్యోగి భార్యాపిల్లలు కూడా ఈ లెక్కలోకే వస్తారు. కనుక నలుగురున్న కుటుంబానికి నాలుగు వీసాలు ఖర్చవుతాయి. వీటిలో అసాధారణ ప్రతిభ గలవారిది మొదటి తరగతి. ఉన్నత పట్టాలున్నవారిది రెండవది. డిగ్రీ చదివినవారిదీ, నైపుణ్యం గల పనివారిదీ మూడవది. మన ఇంజినీర్లలో అధికులు చివరి రెండింటిలోనే నిలుస్తారు.

సాధారణంగా ఈ రెండు తరగతులలో, ఆ కొలువుకు తగిన స్థానికుడు దొరకలేదని యజమాని ముందుగా కార్మిక శాఖకు చూపాలి. ఆ దరఖాస్తు చేరిన దినమే ఉద్యోగి ‘ప్రయారిటీ డేట్’. వరుస ఏ తేదీ వరకు వచ్చిందో విదేశాంగ శాఖ నెలనెలా ‘వీసా బులెటిన్’లో ప్రకటిస్తుంది. ఆ తేదీ ఒక్కొక్క నెల ముందుకు సాగకపోగా వెనుకకు పోవడమూ కలదు.

అసలు చిక్కు మరొకటి. ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి వీసాలు ఇవ్వరాదన్నది నియమం. ఇతరులు వాడుకోనివి మిగిలితే తప్ప, ఒక చిన్న ద్వీపానికీ భారతదేశానికీ పరిమితి ఒక్కటే. ఇది న్యాయమని మాకు తోచదు. దీనిని మార్చే బిల్లును 2019లో ప్రతినిధుల సభ, 2020లో సెనేట్ వేర్వేరు రూపాలలో ఆమోదించినా అది చట్టం కాలేదు.

ఇక్కడ ‘దేశం’ అంటే పౌరసత్వం కాదు, పుట్టిన చోటు. ఈ ఒక్క మాట గల్ఫులో కాపురాలు చేసి వచ్చిన మన కుటుంబాలకు ఎంతో ముఖ్యమైనది. జెద్దాలోనో కువైట్‌లోనో పుట్టిన బిడ్డ పాస్‌పోర్టు భారతీయమైనదే కావచ్చు; ఈ వరుసలో మాత్రం ఆ బిడ్డను ఆ దేశపు లెక్కలో చూస్తారు. అంతేకాదు, హైదరాబాద్‌లో పుట్టిన భర్త తన భార్య పుట్టిన దేశపు లెక్కలో చేరవచ్చు. భర్త గల్ఫులో పుట్టి ఉంటే భార్యకూ అంతే. భారతీయుల వరుసతో పోలిస్తే ఆ వరుస ఎంతో చిన్నది. అయితే బిడ్డ పుట్టిన చోటు తల్లిదండ్రులకు అక్కరకు రాదు. (ఇది తెలిసి గల్ఫులో పుట్టిన పిల్లే కావాలని పట్టుబట్టేవారూ బయలుదేరగలరు. కోడలిని ఎంచుకొనే పద్ధతి అది కాదు సుమా!)

ఇక 21 ఏళ్ల గండం ఉన్నది. తండ్రి నిరీక్షిస్తుండగానే బిడ్డకు 21 నిండితే అతని దరఖాస్తు నుండి ఆ పేరు జారిపోతుంది. మూడేళ్ల ప్రాయంలో అక్కడికి వెళ్లి, అక్కడే చదివిన పిల్లవాడు విద్యార్థి వీసా వెదుక్కోవాలి, లేదా దేశం విడవాలి. 2002 నాటి చట్టం యజమాని పిటిషన్ పరిశీలనలో గడిచిన దినాలను మాత్రమే వయసులోనుండి తీసివేస్తుంది. వరుసలో గడిచిన ఏళ్లను కాదు.

కనుక సంబంధం మాట్లాడేటప్పుడు జీతంతో పాటు తరగతినీ, ప్రయారిటీ డేట్‌నూ అడగండి. గల్ఫులో పుట్టిన బిడ్డల జనన ధ్రువపత్రాలు పాత పెట్టెలలో ఎక్కడ ఉన్నవో నేడే వెదకి చూడండి.