వలసపోవువారికి వైద్యపరీక్ష

తరతరములనాడు వలసవచ్చి ఈ ప్రాంతమున స్థిరపడిన తెలుగు కుటుంబములనుండి నేడు కొందరు అమెరికాలో స్థిరనివాసమునకై వెడలుచున్నారు. అట్టివారికి వైద్యపరీక్ష తప్పనిసరి. ఏ వైద్యుని యొద్దకు పోవలెనను విషయముననే పలువురు పొరబడుచున్నారు.

“మా డాక్టరుగారు మమ్ము చిన్ననాటినుండి ఎరిగినవారు. వారి సర్టిఫికెట్టు చాలదా?” అని తలిదండ్రులు అడుగుట సహజము. కాని అది చాలదు. మన ఉపాధ్యాయుడు ఎంత పండితుడైనను, పబ్లిక్ పరీక్ష పత్రములను నియమితులైనవారే దిద్దవలెను గదా! ఇదియు నట్టిదే.

ఇట్లు నియమితులైన వైద్యులు రెండు విధములు. స్వదేశమునుండి వలస వీసా కోరువారిని పరీక్షించువారు ప్యానెల్ ఫిజిషియన్లు. వీరిని అమెరికా రాయబార కార్యాలయము లేక కాన్సులేటు నియమించును. ఇదివరకే అమెరికాలోనుండి అచ్చటనే స్థిరనివాసము కోరువారిని పరీక్షించువారు సివిల్ సర్జన్లు. ఒకరు చేయవలసిన పని మరియొకరు చేసిన చెల్లదు. కావున మధ్యవర్తుల మాటపై ఆధారపడక, అమెరికా ప్రభుత్వము ప్రకటించిన జాబితాలో వైద్యుని పేరు స్వయముగా చూచుకొనవలెను.

జాబితాలో పలువురున్నచో ఎవరిని ఎన్నుకొనవలెను? ముందుగా కొన్ని ప్రశ్నలు వేయుడు. రుసుము ఎంత? అందులో రక్తపరీక్ష, ఎక్సురే, టీకాల ఖర్చు చేరియున్నదా? ఎన్ని పర్యాయములు రావలెను? ఫలితములు ఎన్నాళ్లకు సిద్ధమగును? రుసుము వైద్యునిబట్టి మారుచుండును. అందరి తీర్పును ఒకే నియమములపై ఆధారపడును గనుక, ఎక్కువ సొమ్ము తీసికొనువారు ఎక్కువ మేలు చేయుదురనుకొనుట భ్రమ.

పరీక్షలో క్షయ మున్నగు అంటువ్యాధులను, మానసిక స్థితిని, వేయించుకొనిన టీకాలను విచారింతురు. హెచ్.ఐ.వి. 2010 జనవరి 4 నుండి ప్రవేశమునకు అడ్డంకి కాదు. పూర్వము క్షయ వచ్చి నయమైనవారు ఆ సంగతి దాచరాదు. చికిత్స కాగితములను, పాత ఎక్సురేలను చూపవలెను. ఇప్పుడు వ్యాధి బయటపడినను ఆశ వదలుకొనవలదు. చికిత్స పూర్తియైన పిమ్మట ప్రయాణము సాగవచ్చును. దాచినందువలన తనకే గాక తోడి ప్రయాణికులకును హాని కలుగును.

వైద్యుడు సీలువేసిన కవరు ఇచ్చినచో దానిని విప్పరాదు. విప్పిన కవరును అధికారులు నిరాకరింపవచ్చును. వైద్యుడు పరీక్షాఫలితము వ్రాయునే గాని వీసా ఇచ్చువాడు కాడు. వీసా ఇప్పింతునని ఎవరైన సొమ్మడిగిన నమ్మవలదు.

విద్యార్థులారా! మీ యింట ఎవరికైన ఇట్టి ప్రయాణము తటస్థించినచో, జాబితా చదివి పెద్దలకు తెలుగున వివరింపుడు. మీ టీకాల కార్డులను నేడే వెదకి భద్రపరచుడు. చిన్ననాటి ఆ చిన్న కాగితము, వేసిన టీకాయే మరల వేయించుకొను శ్రమను, వ్యయమును ఒకనాడు తప్పింపగలదు.