జూలూరుపాడు దారిలో ఒక సొరబుర్ర

రూపకల్పనను వృత్తిగా పెట్టుకొన్నవారిని లోకం తరచుగా ఒకే ప్రశ్న అడుగుతూ ఉంటుంది: "మీకు ఈ ఊహలు ఎక్కడినుంచి వస్తాయండీ?" అడిగినవారు ఏదో గంభీరమైన సమాధానాన్ని ఆశిస్తారు. నేను పాతికేళ్ళుగా నీళ్ళ కూజాలకు, డబ్బాలకు, వంటింటి పాత్రలకు ఆకారాలు గీసి పొట్ట పోసుకొంటున్నవాడిని. ఎవరైనా ఆ ప్రశ్న వేస్తే, "నిత్యజీవితమే నాకు గురువు, వీధిలో నడుస్తూ కళ్ళు తెరచుకొంటే చాలు" అని కాస్త గర్వంగానే చెప్పేవాడిని. ఈ మాటలో ఎంత సత్యం ఉన్నదో, ఎంత డాబు ఉన్నదో నాకు జూలూరుపాడులో తెలిసివచ్చింది.

ఖమ్మంనుంచి కొత్తగూడెం వెళ్ళే బస్సు ఏన్కూరు దాటిన తరువాత దృశ్యం కొద్దికొద్దిగా మారుతుంది. పత్తి చేలు, మిరప తోటలు ఉండనే ఉంటాయి. కాని వాటి వెనుక టేకు, తునికి, మోదుగ చెట్లు తల ఎత్తి చూస్తూ ఉంటాయి. పొలమూ అడవీ ఒకదానినొకటి తోసుకొనే సరిహద్దు అది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు జూలూరుపాడు మండలం ఖమ్మం జిల్లానుంచి విడివడి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. కోయగూడేలు, లంబాడీ తండాలు, రైతుల పల్లెలు అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. ఇంకా ముందుకు పోతే కొత్తగూడెం బొగ్గు గనులు, పాల్వంచ, ఆపైన భద్రాచలం, గోదావరి.

నేను మొదట అక్కడికి వెళ్ళింది బంధువుల ఇంట శుభకార్యానికి. ఆ రోజుల్లో నా బుద్ధి ఎండిన చెరువులాగ ఉన్నది. ఒక సంస్థవారు కొత్త రకం నీళ్ళ కూజా కావాలన్నారు. మూడు నెలలుగా గీసిన కాగితమల్లా చింపుతున్నాను. ఒకనాటి సాయంకాలం గూడెంవైపు నడిచి వెళ్ళగా, ఒక ఇంటి చూరుకు సొరకాయ బుర్ర వేలాడుతూ కనిపించింది. పైన చిన్న గుండ్రన, నడుమ సన్నని నొక్కు, కింద నిండైన కడుపు. ఏళ్ళ తరబడి చేతులు తగిలి తేనెరంగుకు తిరిగిన నునుపు. అక్కడే నిలుచుండి నాలుగు బొమ్మలు గీసుకొన్నాను. నాకు కావలసినది దొరికిందని పొంగిపోయాను.

బుర్ర కథ చాలామంది పట్టణవాసులకు తెలియదు కాబట్టి కొంచెం చెపుతాను. కాయను కోయకుండా తీగమీదనే బాగా ముదరనిస్తారు. పెంకు గట్టిపడి, ఎండి, లోపల గింజలు గలగలలాడేదాకా ఓపిక పడతారు. పిదప మూతి దగ్గర రంధ్రం చేసి, నీళ్ళు పోసి నానబెట్టి, కుళ్ళిన గుజ్జును గింజలతో సహా కుదిపి పారబోస్తారు. చేదు పోయేదాకా నీళ్ళు మార్చుతూనే ఉండాలి. అంతా అయిన తరువాత చేతికి వచ్చేది ఒక సీసా. నీటిమీద తేలేటంత తేలిక. దానిలో నీరో జావో పోసుకొని, నడుముకు తాడు బిగించి పనిచోటికి తీసుకొని వెళ్ళవచ్చును. కుమ్మరి చక్రం పుట్టకముందే మనిషి ఇట్టి కాయలను పాత్రలుగా వాడుకొన్నాడు.

నా కూజా తయారయినది. మెరుగుపెట్టిన పింగాణీతో, బుర్ర ఆకారంలో, బల్లమీద నిలిచేటట్లు అడుగు చదును చేసి. చూచినవారందరూ మెచ్చుకొన్నారు; ఫొటోలు పడ్డాయి. ఒక సభలో, అడవి బిడ్డల కళను నాగరికుల భోజనపు బల్లకు తెచ్చానని నన్ను పొగిడారు కూడాను. ఆరు నెలలు తిరగకముందే ఇండ్లనుంచి ఫిర్యాదులు రాసాగాయి. నింపితే ఎత్తలేనంత బరువు. నడుమ నొక్కు వల్ల చెయ్యి లోపలికి దూరదు; తోమడానికి వీలు లేదు; వారం తిరిగేసరికి వాసన. మా ఇంటిలో సైతం మా ఆవిడ దానిలో ఎండుపూలు గుచ్చి అటకమీద పెట్టింది. ఆమె నోరు తెరచి ఏమీ అనలేదు. అంతకంటె కఠినమైన విమర్శ నేను ఎన్నడూ ఎరుగను.

ఆ తరువాత చాలాకాలానికి, విద్యార్థి దశలో చదివిన ఒక నివేదికను మళ్ళీ తీసి చూచాను. 1958లో అమెరికా రూపశిల్పులు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు భారత ప్రభుత్వం కోరికపై వ్రాసినది అది. 1961లో అహమ్మదాబాదులో జాతీయ రూపకల్పన సంస్థ ఏర్పడటానికి అదే పునాది. దేశమంతా తిరిగి తాము చూచిన వస్తువులలో వారు మెచ్చుకొన్నది ఏమిటని చదువరులు అనుకొంటారు? కోటలు కావు, పట్టుచీరలు కావు. మన ఇండ్లలోని చెంబు. దానిని ఈనాడు కొత్తగా చేయవలసివస్తే ఏమేమి ఆలోచించాలో వారు వరుసగా అడుగుతూ పోయినారు. ఎన్ని నీళ్ళు పట్టాలి? ఎత్తే చెయ్యి ఆడదా, మగదా, పిల్లలదా? తలమీద మోస్తారా, చంకన పెట్టుకొంటారా? నిండుగా ఉన్నప్పుడు బరువు ఎక్కడ నిలుస్తుంది, ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కడ? లోపల కడగడం ఎట్లా? వెల ఎంత? ఇట్టి వస్తువును ఏ ఒక్కరూ చేయలేదనీ, తరతరాల మనుష్యులు కలిసి చేశారనీ వారి నిర్ణయం. ఈ నివేదికను నేను ఎన్ని ఉపన్యాసాలలో కీర్తించానో లెక్క లేదు. ఆ ప్రశ్నలలో ఒక్కటైనా బుర్రను అడిగి ఉంటే నా కూజా అటక ఎక్కేది కాదు.

ఈ దోషం నా ఒక్కడిది కాదనుకోవడం ఒక ఓదార్పు. లంబాడీ స్త్రీల రవికలమీది అద్దాలను చూచి ముచ్చటపడి, ఆ గుండ్రాలను బట్టమీద రంగుతో అచ్చువేసి అమ్మేవారు ఉన్నారు. వెలుగు పడితే మెరవని అద్దాలు! మేమందరం ఒకే బడిలో చదివినట్లున్నాము.

మరుసటి వేసవిలో మళ్ళీ జూలూరుపాడు వెళ్ళాను. అదే ఇంటి చూరుకు అదే బుర్ర ఉన్నది. ఇంటి ముసలమ్మకు నా కూజా ఫొటో చూపించాను. చాలాసేపు చూచి అన్నది:

"అడుగు చదును చేసినవేంది సారూ? ఇది కింద పెట్టేది కాదుగా, తగిలించేది."

"మరి ఇప్పుడు దీనిలో నీళ్ళు తీసుకొని వెళ్ళడం లేదా, అవ్వా?"

ఆమె నవ్వి, "అది ఎప్పటిదో. ఇప్పుడు ఎవరు మోస్తరు? అగో, మా కోడలుది చూడు" అని దడివైపు చెయ్యి చూపింది.

అక్కడ పందిరి గుంజకు ఒక ప్లాస్టిక్ సీసా వేలాడుతున్నది. ఏదో చల్లని పానీయం అమ్ముడుపోయిన తరువాత మిగిలిన రెండు లీటర్ల సీసా. దానిచుట్టూ గోనెపట్టా చుట్టి, దబ్బనంతో కుట్టి, మెడ దగ్గర నులకతాడు ఉరి వేశారు. గోనె తడిగా ఉన్నది. తడి ఆరుతూ లోపలి నీటి వేడిని పీల్చుకొంటుంది. మన కుండలోని నీరు చల్లబడేది కూడా ఈ విధంగానే. అయితే కుండ తన ఒంటినిండా ఉన్న సన్నని రంధ్రాలగుండా తానే చెమరుస్తుంది, ప్లాస్టిక్ చెమర్చదు. అందుచేత ఆ కోడలు దానికి చెమర్చే చర్మం ఒకటి కుట్టి తొడిగింది. మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఇట్టిది అక్కడ ఉండే ఉంటుంది. పాతదనం ఉట్టిపడే బుర్రమీదనే కన్ను వేసిన నాకు ఈ చవుక సీసా కనిపించలేదు.

ఈసారి బొమ్మ గీయడానికి తొందరపడలేదు. మూడు రోజులు పత్తి చేల గట్లమీద కూర్చున్నాను. నాలుగవనాడు గోనెతొడుగు బొమ్మ ఒకటి గీశాను. కుట్టు తక్కువ, విప్పి ఉతుక్కోవడానికి వీలు, భుజాన వేసుకోవడానికి వెడల్పు పట్టీ. దానిని ఆ కోడలుకు చూపించాను. ఆమె పొయ్యి దగ్గరి బొగ్గు ముక్క తీసి, నా పట్టీమీద అడ్డంగా ఒక గీత గీసింది.

"భుజానికి ఎవరు ఏసుకుంటరు సారూ? పత్తి ఏరేటప్పుడు ఒడి బరువే చాలు. కొమ్మకు తగిలిస్తం. గాలి తగలాలె." అని, పైన ఒక పెద్ద ఉరి గీసింది, కొమ్మ పంగలో పట్టేటంత.

ముసలమ్మ అంతవరకు ఊరకనే చూస్తున్నది. అప్పుడు అడిగింది: "ఇది పట్నంల చేయించి మల్ల మాకే అమ్ముతవా, సారూ?"

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోగోరి అడిగింది. నేను ఏదో చెప్పబోయి ఆగిపోయాను. పోచంపల్లి నేతవంటి పేరుపడ్డ పనులకు 1999 నాటి చట్టం కింద భౌగోళిక గుర్తింపు రక్షణ ఉన్నది. చెట్టుకొమ్మకు వేలాడే గోనెసీసాకు ఏ రక్షణ ఉన్నది? దానిని కనిపెట్టింది ఎవరని వ్రాయాలి?

బస్సుకు వేళయినది. కాగితం మడిచి సంచిలో పెట్టుకొన్నాను. కూజా చేయించిన సంస్థవారు ఈ మధ్య మళ్ళీ కబురు చేశారు, కొత్తది ఏమైనా ఉన్నదా అని. బొగ్గు గీత ఉన్న ఆ కాగితం నా బల్ల సొరుగులోనే ఉన్నది. ఈ దసరాకు పత్తి ఏరే రోజుల్లో జూలూరుపాడు వెళ్ళి, ముందు ఆ అత్తాకోడండ్లతో మాట్లాడి, ఆ తరువాతనే వారికి జవాబు వ్రాయాలని ఉన్నాను.