గాలివానకును ఉప్పుగాలికిని ఓర్చు చెట్లు – ఉద్దానపు రైతులు తెలిసికొనవలసిన విషయములు

తూర్పున సముద్రమునకును, పడమర మహేంద్రగిరి వరుసకును నడుమ పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురము ప్రాంతములలో వ్యాపించియున్న తోటల భూమికి ఉద్దానమని పేరు. ఉద్యానమను మాటయే వాడుకలో ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. దీనికి దక్షిణమున టెక్కలి సీమయు, నౌపడా ఉప్పుమళ్ళును గలవు. పేరు తోటదే గాని, చెట్టు బ్రతుకుటకు ఈ నేల సులభమైనది కాదు. ఇసుక పాలు హెచ్చగుటచే కురిసిన వాన నిలువక దిగిపోవును. వేసవిలో ఇసుక కాలి లేతవేళ్ళను మాడ్చును. సముద్రపు గాలి ఉప్పుతుంపరను ఆకులపై చల్లుచుండును. వీనికి తోడు తుపానులు. 2013వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుపాను గోపాలపురము వద్దను, 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు సమీపమునను తీరము దాటినవి. రెండును దసరా దినములలోనే వచ్చినవి. తిత్లీ గాలి గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగముతో వీచి కొబ్బరి, జీడి తోటలను నేలగూల్చెను.

అట్టి గాలివాన వెలిసిన తరువాత రైతు తేల్చుకొనవలసిన ప్రశ్న ఒక్కటి గలదు. నిలిచిన చెట్లలో దేనిని ఉంచవలెను, దేనిని కొట్టివేయవలెను? తొందరపడి కొట్టివేసిన కొబ్బరిచెట్టు స్థానమున మరియొకటి కాపునకు వచ్చుటకు ఆరేడు సంవత్సరములు, దేశవాళీ రకమైనచో అంతకు మించియు పట్టును. ఊరక ఉంచిన చచ్చినచెట్టు పురుగులకు పుట్టిల్లగును. ఈ విషయమును సరిగా నిర్ణయించుటకు, ఏ చెట్టు ఏ కష్టమునకు ఏ విధముగా ఓర్చునో, ఎప్పుడు పూచి ఎన్నినాళ్ళకు కాయునో తెలిసియుండవలెను.

జంతువు కష్టము వచ్చినచో వేరొకచోటికి పోగలదు. చెట్టునకు ఆ వీలు లేదు. ఆకులయందు కంటికి కానరాని రంధ్రములు గలవు. అవి తెరచియున్నప్పుడే చెట్టు గాలినుండి ఆహారము సిద్ధపరచుకొనగలదు; కాని తెరచియున్నంతసేపును నీరు ఆవిరియై పోవుచుండును. ఎండకాలమున రంధ్రములు మూసికొన్నచో నీరు నిలుచును, ఆకలి మిగులును. ఇసుకనేల చెట్లన్నియు ఈ రెంటి నడుమనే కాలము గడుపుచున్నవి. దళసరియాకు, మైనపు పూత, లోతువేరు, ఇవన్నియు అందులకేర్పడిన ఉపాయములే. శరీరము ఓర్చుకొన్నంత మాత్రమున పని తీరదు. విత్తనమును తగిన కాలమున తగిన చోటికి చేర్చవలెను.

సముద్రపు ఒడ్డున దీనికి తేటయైన నిదర్శనములు కనబడును. ఇసుకదిబ్బలపై ప్రాకు బాలబంద తీగ కణుపుకణుపునకు వేరు దించును. దాని గింజలు గట్టిపెంకు గలవై సముద్రపు నీటిలో తేలుచు దూరతీరములకు పోయి అచట మొలచును. రావణాసురుని మీసములను గడ్డిలో ఆడమొక్కలును మగమొక్కలును వేరు. ఆడమొక్క కంకి ముండ్లబంతివలె ఎండి తెగి, గాలికి ఇసుకపై దొర్లుచు గింజలను రాల్చుకొనుచు పోవును. పిల్లలు దానివెంట పరుగెత్తుచుందురు. మొగలియందును ఆడ మగ వేరే. పరిమళించు పువ్వు మగమొక్కది. కంచెలకు మొగలి పిలకలను నాటుట పాతిన కట్టె వేరూనునన్న నమ్మకముతోనే గాని విత్తనముతో కాదు. ఊడలవంటి వేళ్ళతో అది ఇసుకను పట్టియుంచును. కావున గట్లపై మొగలిని అడ్డమని నరికివేయుట మంచిది కాదు.

తాటిచెట్టు సంగతి విత్తనము విషయమున మిక్కిలి వింతయైనది. తేగలు తినని రైతు ఈ సీమలో నుండడు. అయినను తేగ యేమి వస్తువో ఆలోచించినవారు తక్కువ. తాటిటెంక మొలకెత్తునప్పుడు మొలక మీదికి రాదు. టెంకనుండి ఒక కాడ క్రిందికి దిగి, అంకురమును తనతో గూడ భూమిలోనికి కొనిపోవును. పైన ఇసుక కాలుచున్నను, మంటపడినను, పశువులు త్రొక్కినను, అంకురము చల్లని తడినేలలో భద్రముగా నుండును. అచట పిండిపదార్థమును నింపుకొని, అదను చూచి ఆకును పైకి పంపును. ఆ నిలువయే మనము కాల్చికొని తిను తేగ. తాటివిత్తనమును నాటువారు టెంకను పాతినచోటనే పెరుగనీయవలెనుగాని, మొలచినపిదప పెల్లగించి మార్చి నాటరాదు. లోతునకు దిగిన కాడ తెగినచో మొక్క దక్కదు.

ఇక కొబ్బరి. దీని శరీరము గాలికొరకే చేసినట్లుండును. మట్టలోని ఆకులు చీలి విడివిడిగా నుండుటచే గాలి వానిలోనుండి దూరిపోవును. మానునకు క్రింద తల్లివేరు లేదు. సన్నని వేళ్ళు వేలకొలది నలుదెసల పారును. ఉప్పు దీనికి శత్రువు కాదు. చెట్టు మొదట ఉప్పు వేయు అలవాటును మూఢాచారమని కొందరు చదువరులు నవ్వుదురు. ఉప్పులోని క్లోరిన్ కొబ్బరికి కావలసిన ఆహారములలో నొకటియని శాస్త్రజ్ఞులు స్థిరపరచిరి. సముద్రమునకు దూరమైన తోటలలో దాని లోటు కనబడుట కలదు. అంతమాత్రమున ఉప్పునీరు నిలిచిన పల్లము కొబ్బరికి మేలని భావింపరాదు. వేళ్ళకు గాలి యాడవలెను.

కొబ్బరికి ఒక గొప్ప బలహీనత గలదు. దానికి ఎదుగు మొగ్గ ఒక్కటియే. అది మొవ్వునందుండును. మొవ్వు విరిగినచో ప్రక్కనుండి కొమ్మ పుట్టదు, మాను మరల చిగురింపదు. మానుపై పడిన గాయము మామిడి మానువలె కప్పుకొని మానదు. కావున గాలివాన తరువాత మొట్టమొదట చూడవలసినది మొవ్వు. తల తెగిన చెట్టును వెంటనే తీసివేయవచ్చును. మట్టలు మెలిపడి వ్రేలాడుచు మొవ్వు నిలిచియున్నచో, చెట్టు ఎంత వికారముగా కనబడినను కొన్ని నెలలు ఓపిక పట్టవలెను. నడిమి ఈటె ఆకు పచ్చగా పైకి వచ్చుచున్నచో ఆ చెట్టు బ్రతికినట్లే. ఒరిగిన చెట్టు సైతము వేళ్ళు పట్టుకొనియున్నచో తల నెత్తుకొని నిలువుగా సాగును.

అట్లు బ్రతికిన చెట్టు ఒకటి రెండేండ్లు కాపు తగ్గించినచో రైతు విసిగి గొడ్డలి యెత్తుట కలదు. అచటనే పొరపాటు. కొబ్బరిలో ఒక్కొక్క ఆకు పంగలో ఒక్కొక్క గెల పుట్టును. సంవత్సరమునకు సుమారు పండ్రెండు ఆకులు విచ్చును. గెల మొవ్వులోపల అణువుగా మొదలైన నాటినుండి తొడుగు పగిలి పూగుత్తి బయటికి వచ్చుటకు సుమారు 32 నెలలును, పువ్వునుండి కాయ ముదురుటకు సుమారు 12 నెలలును పట్టును. అనగా నేడు దించిన కాయకు మూడున్నర సంవత్సరములకు పైబడిన చరిత్ర గలదు. 2018 అక్టోబరులో మొవ్వులో అప్పుడే రూపొందిన గెల 2022వ సంవత్సరము నడిమికిగాని దిగదు. ఆ నడుమ కాలములో తగ్గిన కాపు చెట్టు చేటు కాదు. నాటి దెబ్బకు లెక్క. వేసవిలో నీరు తప్పినప్పుడును ఇట్లే. పిందెలు వెంటనే రాలుట కనబడును. మొవ్వులో చిక్కిన గెలల ఫలితము తరువాతి సంవత్సరములలో తెలియును.

పూగుత్తిలో ముందుగా మగపువ్వులు విచ్చి మూడు వారములవరకు రాలుచుండును. దేశవాళీ పొడుగు రకములలో ఆడపువ్వులు సిద్ధపడుసరికి ఆ గుత్తిలోని పుప్పొడి చాలవరకు ముగిసియుండును. కావున పుప్పొడి ప్రక్కచెట్టునుండి రావలసియుండును. ఎన్నివిధముల గాలికి, ఎండకు ఎదురొడ్డవలసిన చెట్టునకు సంతతిలో రకములు కలియుట మేలే. రైతునకు మాత్రము ఇందువలన ఒక చిక్కు గలదు. విత్తనపు కాయకు తల్లి తెలియును, తండ్రి తెలియదు. మంచి తల్లిచెట్టును ఎంచుకొన్నంత చాలదు. చుట్టునున్న చెట్లు గూడ బాగుగా కాయు తోటనుండియే కాయలను తేవలెను. కాయ పీచు సముద్రములో తేలుటకు, ఉప్పునీరు లోనికి పోకుండుటకు ఏర్పడినది. మొలకెత్తిన కాయలో పిల్లలు ఇష్టపడి తిను కొబ్బరిపువ్వు, లోపలి కొబ్బరిని కరగించి మొక్కకు త్రాగించు అవయవమే. ఇసుకలో వేరు నీరు పట్టువరకు మొక్కకు అదియే తల్లిపాలు.

జీడి ఈ దేశపు చెట్టు కాదు. బ్రెజిలు దేశమున పుట్టి, పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారిచే పడమటి తీరమునకు తేబడినది. లోతునకు దిగు తల్లివేరును, దూరముగా ప్రాకు పైవేళ్ళును, తోలువంటి ఆకును గలిగి, ఇతర చెట్లు ఒల్లని ఇసుకలో నిలుచును. కొబ్బరి సంవత్సరము పొడవున గెలలు వేయుచు కష్టమును పంచుకొనును. జీడి అట్లు కాదు. ఏడాదికి ఒక్కసారియే తన సర్వస్వమును ఒడ్డును. వానలు వెలిసినపిదప క్రొత్తచిగురు వేసి, ఆ చిగురు కొనలయందే పుష్య మాఘములలో పూయును. పూగుత్తిలో అధికభాగము మగపువ్వులు. కాయగల పువ్వులు కొద్దిపాటివి. పుప్పొడి జిగురుగా నుండి గాలికి ఎగురదు. ఈగలు, చీమలు, తేనెటీగలు మోయవలెను. పొడివాతావరణము ఇందులకు అనుకూలము. పూతకాలమున మబ్బుపట్టి మంచు కురిసినచో పూత మాడును, టీదోమయు చేరును. కొనలయందే పూయుటచేత, ఆశ్వయుజమాసపు గాలికి కొమ్మల కొనలు విరిగినచో ఆ సంవత్సరపు పంట అంతయు పోయినట్లే. కాని కొబ్బరికి లేని వరము దీనికి గలదు. విరిగినచోటికి దిగువ నుండి చిగురు పుట్టును. ఆ చిగురు ముదిరి పూయుటకు మరుసటి పూతకాలము వరకు ఆగవలెను.

కావున వేళ్ళు తెగక ప్రక్కకు వాలిన జీడిచెట్టును కొట్టివేయక, చీలిన కొమ్మలను రంపముతో ఏటవాలుగా కోసి, కోతపై బోర్డో ముద్ద పూసి, మొదట మట్టి యెగద్రోయవలెను. గొడ్డలితో నరికినచో చీలికలు మిగిలి, కాండము తొలుచు పురుగు అచట గ్రుడ్లు పెట్టును.

జీడిపండు కట్టడమును గమనింపుడు. ముందు పిక్క పూర్తిపరిమాణమునకు పెరుగును. పిమ్మట కాడ ఉబ్బి పండగును. చెట్టు తన కొద్దిపాటి ఆహారమును మొదట విత్తనమునకు ఖర్చుపెట్టి, విత్తనము ముదురుచున్నప్పుడే గబ్బిలములకు, కోతులకు కూలియిచ్చినట్లు పండును తియ్యపరచును. అవి పండును తిని, పెంకులోని జీడినూనె మంటకు పిక్కను వదలివేయును. పలాసలో పిక్కలు ఒలుచు ఆడువారి చేతులకు ఆ నూనె కాఠిన్యము బాగుగా తెలియును. పండి తానుగా రాలిన పిక్కలోనే పప్పు నిండుగా నుండును. దొంగల భయముచే పచ్చిపిక్కలు కోయువారు తూకములో నష్టపోవుదురు. విత్తనమునకు ఉంచు పిక్కలను నీటిలో వేసి మునిగినవానినే గ్రహింపవలెను. అయినను విత్తనపు మొక్కలు తల్లివలె కాయునన్న నిశ్చయము లేదు. బాపట్ల పరిశోధనాస్థానపు బి.పి.పి.-8 వంటి రకముల అంటుమొక్కలను నాటినచో తల్లిగుణము తప్పదు, కాపును మూడవ యేటనే మొదలగును.

సముద్రమువైపు సరుగుడు వరుసలు గాలివేగమును కొంత విరుచును. దాని వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలినుండి నత్రజనిని పట్టి యిచ్చుటచే బీద ఇసుకలోను అది పెరుగును. ఒకేసారి మొత్తము వరుసను నరికి అమ్ముకొనక, ఒక వరుస నిలువగా మరియొకటి తీయవలెను.

కూలిన కొబ్బరిమానులను తోటలోనే కుళ్ళనీయరాదు. వానియందును, పెంటకుప్పలయందును కొమ్ముపురుగు పిల్లలను పెట్టి, బ్రతికిన చెట్ల మొవ్వులను తొలుచును. ఆ తొలిచిన గాయముల వాసనకు ఎర్రముక్కు పురుగు వచ్చును. మానులను ముక్కలుగా కోసి తోట వెలుపలికి చేర్చుటయో, కాల్చుటయో వెంటనే చేయవలెను. మొవ్వులను నెలకొకసారి పరీక్షించి, పురుగు కనబడినచో ఇనుప కొక్కెముతో తీసివేయవలెను.