మీకు తెలుసా? చిన్న టోర్నీలో డబుల్స్ కోర్టు కూడా చూడాలి

హైదరాబాద్‌లో 2003 నుంచి 2005 వరకు మూడేళ్లు మహిళల డబ్ల్యూటీఏ టెన్నిస్ టోర్నీ జరిగింది. పెద్ద స్టార్లు పెద్దగా రాని స్థాయి అది. అయినా 2004 డబుల్స్ ఫైనల్ చూసినవాళ్లు అదృష్టవంతులు. నెట్‌కు ఒకవైపు లీజెల్ హ్యూబర్‌తో కలిసి పదిహేడేళ్ల సానియా మీర్జా. అవతల చైనా జోడీ లీ టింగ్, సున్ టియాన్‌టియాన్. తొలి సెట్ టైబ్రేక్ దాకా వెళ్లింది, రెండోది 6-4. సానియాకు మొదటి డబ్ల్యూటీఏ టైటిల్ దక్కింది. ఓడిన ఆ చైనా జోడీయే అదే ఏడాది ఆగస్టులో ఏథెన్స్ ఒలింపిక్స్ డబుల్స్‌లో స్వర్ణం గెలిచింది!

ఆ ఏడాది సింగిల్స్ విజేత ఆస్ట్రేలియాకు చెందిన నికోల్ ప్రాట్. ముప్పై ఏళ్ల వయసులో ఆమె గెలిచిన ఏకైక డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ ఇదే. ఇలాంటి చోట యువ క్రీడాకారిణులనే కాదు, ఏళ్ల తరబడి ఓపిగ్గా తిరుగుతున్న సీనియర్లనూ గమనించాలి.

మరుసటి ఏడాది ఫైనల్లో ఉక్రెయిన్ క్రీడాకారిణి అల్యోనా బొండారెంకోను మూడు సెట్లలో ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలిగా సానియా నిలిచింది. అదీ సొంత ఊరి ప్రేక్షకుల ముందు.