పాత పటాల్లో మన దారి: ఇచ్ఛాపురం నుంచి బరంపురం దాకా

రహదారికి ప్రభుత్వం ఇచ్చే సంఖ్య శాశ్వతం కాదు. చెన్నై నుంచి నెల్లూరు, విజయవాడ, విశాఖపట్నం, ఇచ్ఛాపురం, బరంపురం మీదుగా ఒడిశాలోకి సాగే దారిని మన పెద్దలు 5వ నంబరు జాతీయ రహదారిగా ఎరుగుదురు. 2010లో దేశమంతటా సంఖ్యలను మార్చినప్పుడు ఇది 16 అయింది. నేటి పటంలో 5 కోసం వెతికితే సిమ్లా వెళ్లే దారి కనిపిస్తుంది! కనుక పాత దారిని వెతికేవారు సంఖ్యను కాక ఊళ్లను పట్టుకోవాలి.

సర్వే ఆఫ్ ఇండియా పటాల్లో ఇచ్ఛాపురం 74 ఎ/12, బరంపురం 74 ఎ/15 షీట్లలో వస్తాయి. ఈ రెండూ మూలల దగ్గర మాత్రమే కలుస్తాయి కాబట్టి 11, 16 షీట్లను కూడా దగ్గర ఉంచుకోవాలి. పాత పటాలు మైలుకు అంగుళం లెక్కన, తర్వాతివి 1:50,000 లెక్కన గీసినవి. అయినా ఒక్కో షీటులో చూపే నేల మేర ఒక్కటే. అందువల్ల పోల్చడం తేలిక.

ముందుగా షీటు అంచున సర్వే జరిగిన సంవత్సరాన్ని చూడండి. ముద్రణ సంవత్సరం వేరుగా ఉండవచ్చు. తర్వాత గుడి, చెరువు, ఏటి దాటు వంటి కదలని గుర్తులను రెండు పటాల్లోనూ గుర్తించి, వాటి నడుమ దారి ఎటు జరిగిందో గమనించండి. రోడ్డును వెడల్పు చేసి ఊరి వెలుపలికి మళ్లించిన చోట పాత దారి సాధారణంగా ఊరి నడివీధిగా మిగులుతుంది.

పటంలో లేనిది కొంత భాషలో దొరుకుతుంది. గోదావరి జిల్లాల వారి పుంత, కృష్ణా గుంటూరు వారి డొంక, పూర్వం సైన్యాలు నడిచిన దండుబాట ఇవన్నీ దారి జాతిని తెలిపే మాటలు. మీ ఊరి పెద్దలు ఏ దారిని ఏమంటారో అడిగి రాసుకోండి. ప్రయాణ రచనలూ ఉపకరిస్తాయి. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీకి వెళ్లివచ్చి, మజిలీలనూ వాటి మధ్య దూరాలనూ నమోదు చేశాడు. తిరుగు ప్రయాణం గంజాం మీదుగానే సాగింది.

ఇంత శ్రమ ఎందుకు? బరంపురం తెలుగు విద్యార్థిని “మీవాళ్లు ఎప్పుడు వలస వచ్చారు?” అని అడగడం పరిపాటి. 1936కు ముందు అచ్చయిన పటంలో ఇచ్ఛాపురం, బరంపురం రెండూ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలోనే ఉంటాయి. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు సుమారు 25 కిలోమీటర్ల ఈ దారికి అడ్డంగా సరిహద్దు పడింది. వలసలు లేవని కాదు. వ్యాపారం కోసం, కొలువుల కోసం ఈ దారినే వచ్చినవారూ ఉన్నారు. కాని అనేక కుటుంబాల విషయంలో కదిలింది మనుషులు కాదు, గీత.

ఏ కుటుంబం ఏ కోవకు చెందుతుందో పటం ఒక్కటే చెప్పలేదు. ఇంటి దస్తావేజుల్లోని జిల్లా పేరు, తేదీ పటంతో కలిపి చదవాలి. ఆ కాగితాలు చెదలపాలు కాకముందే ఈ పని మొదలుపెట్టడం మంచిది.